గొర్రెపిల్ల ఎందుకు గోక్కుంటున్నది?

చలికాలంలో ఏ గొర్రెల దొడ్డి దగ్గరికైనా వెళ్ళి పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. పిల్లలలో ఏదో ఒకటి కంచె రాటకు ఒళ్ళు రాసుకుంటూ కనిపిస్తుంది. ఇంకొకటి మెడ వెనక్కి తిప్పి తన బొచ్చును తానే పళ్ళతో పీక్కుంటూ ఉంటుంది. మరొకటి వెనక కాలితో చెవి గోక్కుంటుంది. “దురద పుట్టింది, గోక్కుంటున్నది. ఇందులో వింతేముంది?” అంటారేమో! మనకూ దురద పుడుతుంది. గోక్కుంటాము, మరిచిపోతాము. కాని ఒక గొర్రెపిల్ల పాలు మాని, మేత మాని, రోజంతా గోక్కుంటూ ఉన్నదంటే అది మరిచిపోదగిన విషయం కాదు. పుట్టినప్పుడు దాని బరువు రెండున్నర, మూడు కిలోలకు మించదు. అంత చిన్న ప్రాణి నాలుగు వారాలు తిండి తిప్పలు లేక గోక్కుంటూ గడిపితే చిక్కి శల్యమవుతుంది. గోకిన చోట చర్మం చిట్లి పుండవుతుంది. పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడుతుంది. పుండులో పురుగులు పడితే పిల్ల దక్కడం కష్టం.

ఇది ఏ ఒక్క కాపరి ఇంటి సమస్యో కాదు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో గొర్రెలు సుమారు 7 కోట్ల 42 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. రెండూ కూడి చూడండి. దేశంలోని గొర్రెలలో దాదాపు సగం తెలుగు నేల మీదే మేస్తున్నాయన్న మాట! మీ తరగతిలో కూడా బడి గంట కొట్టేలోగా దొడ్డి ఊడ్చి వచ్చే పిల్లలు ఉండే ఉంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ కోసం.

గోక్కుంటున్న పిల్లను చూడగానే చాలామంది “గజ్జి పట్టింది” అనేస్తారు. వెంటనే ఏదో ఒక మందు పూసేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది. దురద రోగం పేరు కాదు. అది చర్మం పంపే కబురు మాత్రమే. కబురు ఒకటే అయినా పంపించినవాళ్ళు వేరువేరు కావచ్చు. ఒకరికి పనిచేసే మందు మరొకరికి పనిచేయదు. కనుక ముందు నేరస్థుణ్ణి పట్టుకోవాలి, ఆ తరువాతే శిక్ష.

చర్మం పంపే కబురు

చర్మంలో పైన ఉండేది బాహ్యచర్మం. దాని పై పొరలోని కణాలు చనిపోయి, ఎండి, పొట్టుగా రాలిపోతూ ఉంటాయి. మన తలలో చుండ్రు అటువంటిదే. కింద ఉండే అంతశ్చర్మంలో రక్తనాళాలు, వెంట్రుకల కుదుళ్ళు, సన్నని నాడుల కొసలు ఉంటాయి. ఏదైనా పరాయి పదార్థం ఈ పొరలలోకి చేరితే అక్కడి కాపలా కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. అవి నాడుల కొసలను రెచ్చగొడతాయి. మెదడుకు “దురద” అనే కబురు అందుతుంది. ఆ చోటికి రక్తం ఎక్కువగా చేరి చర్మం ఎర్రబడుతుంది, రసి ఊరుతుంది. రసి ఎండితే పక్కు కడుతుంది.

గొర్రెపిల్ల చర్మం పలుచన. పైగా అది రేయింబవళ్ళు తల్లి పొట్టకు ఆనుకొనే ఉంటుంది. తల్లి ఒంటి మీద ఏమున్నా కొద్ది గంటలలోనే పిల్ల ఒంటి మీదికి వచ్చేస్తుంది.

ఇక మన గొర్రెల ఒంటి సంగతి కూడా తెలియాలి. అన్ని గొర్రెలకూ ఉన్ని ఉంటుందనుకోవడం పొరపాటు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. మూపు మీద, రొమ్ము దగ్గర, తొడల వెనక మాత్రం కాస్త పొడుగ్గా కనిపిస్తాయి. ఇందులో తెల్లనిదాన్ని పల్ల అనీ, తెల్లని ఒంటితో కళ్ళ చుట్టూ మూతి చుట్టూ నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ, ఎర్రనిదాన్ని దొర అనీ అంటారు. తెలంగాణలోనూ, పక్కనున్న కర్ణాటక, మహారాష్ట్రలలోనూ ఉండే దక్కనీ గొర్రెకు నల్లని ముతక ఉన్ని ఉంటుంది. గొంగళ్ళు నేసేది దానితోనే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చూడండి.

ఎనిమిది కాళ్ళ నేరస్థులు

గజ్జిని కలిగించేవి గజ్జి పురుగులు. పురుగులని పిలుస్తున్నాము గాని ఇవి కీటకాలు కావు. సాలెపురుగుకు, తేలుకు బంధువులు. ఎదిగినవాటికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి. గొర్రెల మీద ముఖ్యంగా రెండు రకాలు కాపురముంటాయి.

మొదటి దాని పేరు సోరోప్టిస్. ఆడపురుగు మిల్లీమీటరులో ముప్పావు వంతు ఉంటుంది. చూపు బాగుంటే తెల్లని చుక్కలా కంటికి ఆనుతుంది. ఇది చర్మంలోకి తవ్వుకుపోదు. ఉన్ని అడుగున, చర్మం పైన తిరుగుతూ రసినీ జిడ్డునూ తిని బతుకుతుంది. దురదంతా దీని మలంలో ఉండే పదార్థాల వల్లనే! గొర్రె చర్మానికి అవి సరిపడవు. ఊరిన రసి ఎండి పక్కు కడుతుంది, పురుగులు పక్కు నడుమను వదలి అంచుల తడి చోటికి జరుగుతాయి. అలా మచ్చ చుట్టూ చుట్టూ పెరుగుతూ పోతుంది. వీపు, జబ్బలు, పక్కలు దీనికి ఇష్టమైన చోట్లు. దక్కనీ వంటి ఉన్ని గొర్రెలలో దీన్ని అనుమానించాలి.

రెండవది సార్కోప్టిస్. ఇది ఇంకా చిన్నది. చర్మంలోకి సొరంగాలు తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. దీనికి ఉన్ని అక్కర లేదు. మూతి, కళ్ళ చుట్టూ, చెవులు, కాళ్ళు, అంటే బొచ్చు తక్కువగా ఉన్న చోట్లు చూసుకుంటుంది. చర్మం మందంగా, ముడతలు పడి, ఏనుగు తోలులా తయారవుతుంది. మనుషులకు గజ్జి తెచ్చే పురుగు కూడా ఈ జాతిదే. 1687లో ఇటలీ దేశపు వైద్యుడు బొనోమో, మందుల తయారీదారు చెస్టోనీ కలిసి సూక్ష్మదర్శినితో ఈ పురుగును పరిశీలించి, మనుషుల గజ్జికి కారణం ఇదేనని ఒక ఉత్తరంలో రాశారు. ఒక రోగానికి కారణం ఫలానా చిన్న జీవి అని కళ్ళారా చూసి చెప్పిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అప్పటికి పాశ్చర్ పుట్టడానికి ఇంకా 135 ఏళ్ళున్నాయి!

ఒక చిన్న లెక్క వేద్దాము. సోరోప్టిస్ గుడ్డు పొదిగి, పిల్లయి, పెరిగి, మళ్ళీ గుడ్లు పెట్టడానికి సుమారు రెండు వారాలు చాలు. ఒక ఆడపురుగు సంతానంలో పది ఆడపురుగులు మాత్రమే బతికాయనుకుందాము. రెండు వారాలకు 10, నాలుగు వారాలకు 100, ఆరు వారాలకు 1000, ఎనిమిది వారాలకు 10,000! మొదటి నెలలో పిల్ల ఒంటి మీద ఏమీ కనిపించదు. కనిపించే నాటికి మందలో సగానికి అంటుకొని ఉంటుంది. సంతలో కొన్న కొత్త గొర్రెను నేరుగా మందలో కలపవద్దని పెద్దలు అనేది ఇందుకే. దాన్ని కనీసం మూడు వారాలు విడిగా కట్టి చూసుకోవాలి.

ఆరు కాళ్ళ నేరస్థులు

పేలు కీటకాలు. ఆరు కాళ్ళు. గొర్రెల పేలలో రెండు తెగలున్నాయి. ఒక తెగకు తల వెడల్పు. అవి రక్తం జోలికి పోవు, చర్మం పొట్టును కొరికి తింటాయి. రెండవ తెగకు తల సన్నగా, కోసుగా ఉంటుంది. అవి సూదిలా పొడిచి రక్తం పీలుస్తాయి. పేను గుడ్డు పొదగడానికి సుమారు పది రోజులు, పొదిగిన పిల్ల పెద్దదవడానికి మరో మూడు వారాలకు పైగా పడుతుంది. చలికాలంలో పేలు బాగా పెరుగుతాయి, ఎండలు ముదిరితే తగ్గుతాయి. దీన్ని చూసి కొందరు “ఎండాకాలం వస్తే అదే పోతుంది లే” అంటారు. కొంత నిజమే. కాని చలికాలంలో పుట్టిన పిల్ల ఎండాకాలం దాకా ఆగలేదు.

ఇవి కాక పిడుదులు, ఫ్లీ అనే గెంతే పురుగులు ఉన్నాయి. వీటిని గుర్తించడం కష్టం కాదు. పిడుదులు చెవుల లోపల, తోక కింద, గజ్జలలో వేలాడుతూ కనిపిస్తాయి. గెంతే పురుగులు పిల్లల్ని కమ్మిన గంప కింద, దుమ్ములో ఉంటాయి. రెండూ రక్తం తాగుతాయి. పిల్ల కనురెప్ప లోపలి భాగం ఎర్రగా ఉండవలసింది, పాలిపోయి తెల్లగా కనిపిస్తే రక్తం తగ్గిందని గ్రహించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గజ్జి అయితేనేమి, పేలు అయితేనేమి, ఏదైనా దురదే కదా! అంత పట్టింపు ఎందుకు?

మా బడిలో ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు ఒక రోజు అగ్గిపెట్టెలో గొర్రె బొచ్చు పెట్టుకొని వచ్చాడు. వాళ్ళ నాన్నకు అరవై జీవాలు ఉన్నాయి. పిల్లలు ఒళ్ళు రుద్దుకుంటుంటే గజ్జి అనుకొని ఎవరి చేతనో రెండుసార్లు సూదులు వేయించారట. డబ్బు ఖర్చయింది, దురద తగ్గలేదు. ఒక పిల్ల చనిపోయింది కూడా. “మందు నకిలీదంటున్నాడు సార్ మా నాయన” అన్నాడు. బొచ్చును నల్లకాగితం మీద దులిపి, భూతద్దం పెట్టి అందరం వంతులవారీగా చూశాము. లేత గోధుమరంగు ఒళ్ళు, ఎర్రటి వెడల్పాటి తల, ఆరు కాళ్ళు. పొట్టు తినే పేలు! బొచ్చు మొదళ్ళకు ఈపులు కూడా అంటుకొని ఉన్నాయి. ఆ మందు నకిలీది కాకపోవచ్చు. ఎందుకో చెబుతాను.

గజ్జికి ఎక్కువగా వాడే సూది మందు ఐవర్‌మెక్టిన్. దీని కథ ఆసక్తికరమైనది. జపాన్ శాస్త్రజ్ఞుడు సతోషి ఒమురా ఒక గోల్ఫ్ మైదానం సమీపంలో తీసిన పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఇది బయటపడింది. అమెరికాలో పనిచేసిన విలియం కాంప్‌బెల్ దాన్ని పశువుల మందుగా తీర్చిదిద్దడానికి తోడ్పడ్డాడు. ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ మందును చర్మం కింద ఎక్కిస్తే రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. రక్తాన్నో రసినో తాగే పురుగు దానితోపాటు మందునూ తాగుతుంది. దాని నాడులు చచ్చుబడి చనిపోతుంది. మరి పొట్టు తినే పేను? అది రక్తం తాగదు. కనుక మందు దాని నోటికి చేరవలసినంత చేరదు! దాన్ని చంపాలంటే మందు ఒంటి పైన పడాలి. అంటే ఆ కాపరికి కావలసింది సూది కాదు, మందు నీళ్ళ స్నానం. కాళ్ళు ఆరా ఎనిమిదా అన్న లెక్క మన బళ్ళో మార్కుల కోసం మాత్రమే కాదని ఆ పిల్లవాడికి ఆ రోజు నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఒక హెచ్చరిక. అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన గజ్జి పురుగు పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. కాబట్టి ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకండి. నాలుగైదింటిని చూడండి.

పరీక్ష ఎలా చేయాలి?

పిల్లను ఒకరు మెత్తగా పట్టుకోవాలి. మచ్చ నడుమ కాదు, దాని అంచున బొచ్చు విడదీసి దువ్వెనతో దువ్వి, రాలిన పొట్టును నల్లకాగితం మీదికి దులపండి. కాగితాన్ని రెండు నిమిషాలు లేత ఎండలో ఉంచండి. వెచ్చదనానికి పురుగులు కదులుతాయి. కదిలే తెల్ల చుక్కలను భూతద్దంతో చూడండి. అలాగే పిల్ల వీపు మీద మచ్చ దగ్గర వేళ్ళతో గోకి చూడండి. గజ్జి ఉంటే చాలా పిల్లలు తల ఎత్తి, పెదవులు చప్పరిస్తున్నట్లు కదుపుతాయి. కాపరులకు ఈ గుర్తు బాగా తెలుసు.

సార్కోప్టిస్ మాత్రం ఇలా దొరకదు. అది చర్మం లోపల ఉంటుంది కదా! పశువైద్యులు మచ్చ అంచును మొద్దు బ్లేడుతో కొద్దిగా నెత్తురు చెమర్చేదాకా గీకి, ఆ గీకుడును 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ ద్రావణం చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది. మీరు దాని జోలికి వెళ్ళకండి. పరీక్ష అయిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవడం, కాగితం కాల్చివేయడం మీ పని.

దురద లేని మచ్చలు

మచ్చ ఉండి దురద అంతగా లేకపోతే ఆలోచన వేరే దారి పట్టాలి. ముఖం మీద, చెవుల మీద గుండ్రంగా, బూడిద చల్లినట్లు మచ్చలు కనిపిస్తే అది తామర కావచ్చు. దానికి కారణం శిలీంధ్రం. మీ చేతికీ అంటుకుంటుంది. ఎడతెరిపి లేని వానల తరువాత వీపు మీద బొచ్చు కుచ్చులుగా అతుక్కొని, లాగితే అడుగున పక్కుతో సహా చిన్న కుంచెలా ఊడి వస్తే అది వాన తడిలో పెరిగే ఒక బాక్టీరియా పని. తామరకూ దీనికీ పురుగుల మందు పోసి ప్రయోజనం లేదు. వానకాలంలో దొడ్డి నేల ఎత్తుగా, పొడిగా ఉంచడమే సగం వైద్యం. మిగతా సగం పశువైద్యుడు చూసుకుంటాడు.

పెదవుల మూలల్లో, ముక్కు దగ్గర గట్టి పక్కులు, కాలీఫ్లవరు పువ్వులా పుండ్లు లేచి, పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళి కూడా పాలు తాగలేక వెనక్కి వస్తే అది మూతి పుండ్ల వ్యాధి. ఇంగ్లీషు పుస్తకాలలో దీన్ని ఆర్ఫ్ అంటారు. ఇది వైరస్. తుమ్మముళ్ళు గీరుకున్న మూతికి సులభంగా సోకుతుంది. వైరస్‌ను చంపే మందు లేదు. చాలా పిల్లలలో మూడు నాలుగు వారాలకు తనంత తానే మానుతుంది. ఈలోగా పిల్ల ఆకలితో చావకుండా చూడడమే వైద్యం. లేత గులాబి రంగు వచ్చేంత కొద్దిగా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటితో కడిగి, బోరిక్ గ్లిసరిన్ పూసి, పాలు పిండి పట్టాలి, మెత్తని లేత ఆకు పెట్టాలి. పక్కులు బలవంతంగా పీకకూడదు. రాలిన పక్కులలో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. కనుక వాటిని ఏరి కాల్చాలి. ఇది మనుషుల వేళ్ళకు కూడా అంటుతుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

ఇక అన్నిటికన్నా తొందరపడవలసినది గొర్రెల మశూచి. ముందు జ్వరం, కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీరు. తరువాత చంకలలో, గజ్జలలో, తోక కింద, ముఖం మీద చిక్కుడు గింజలంత గట్టి బొబ్బలు. పెద్ద గొర్రెలు కొన్ని తట్టుకుంటాయి, పిల్లలు తట్టుకోవు. మనుషుల మశూచి వైరస్‌కు ఇది దూరపు చుట్టమే గాని మనకు సోకదు. మన మశూచి భూమి మీద నుంచి పోయిందని 1980లో ప్రకటించారు, గొర్రెలది ఇంకా ఉన్నది. దీనికి టీకా ఉన్నది. కొన్ని ఊళ్ళలో “అమ్మవారు పోసింది” అని వైద్యుడికి చెప్పరు. మొక్కుకునేవారు మొక్కుకోవచ్చు, పశువైద్యశాలకు కబురు మాత్రం ఆ రోజే పంపండి. పక్క ఊరి మందలు దాని మీద ఆధారపడి ఉంటాయి.

ఎండ కాల్చిన చెవులు

ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది మరొకటి ఉన్నది. పిల్ల చెవులు, ముక్కు పైభాగం, కళ్ళ చుట్టూ ఎర్రగా వాచి, దురదపెట్టి, పొరలు పొరలుగా తోలు ఊడుతుంది. పురుగు లేదు, బాక్టీరియా లేదు. నీడకు పరుగెత్తుతుంది. తెల్లని చర్మం మీదే వస్తుంది, నల్లమచ్చ దగ్గర ఆగిపోతుంది! జోడిపి పిల్ల ముఖంలో ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది.

నేరస్థుణ్ణి వెదకాలంటే కొండవాలుకు వెళ్ళాలి. గుత్తులుగా రంగురంగుల పూలు పూసే లాంటానా కంపను మీరు చూసే ఉంటారు. కరవు రోజులలో వేరే పచ్చదనం లేక గొర్రెలు దాని ఆకు తింటాయి. ఆ ఆకులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాలేయానికీ చెవికీ సంబంధమేమిటి? గొర్రె కడుపులోని సూక్ష్మజీవులు మేతలోని పత్రహరితాన్ని విరగ్గొట్టినప్పుడు ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థం తయారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం దాన్ని పైత్యరసంతో బయటికి పంపివేస్తుంది. చెడిన కాలేయం పంపలేదు. అది రక్తంలో చేరి చర్మానికి వస్తుంది. దాని మీద ఎండ పడితే అది కాంతిశక్తిని పీల్చుకొని చుట్టుపక్కల కణాలను చంపుతుంది. నల్లని చర్మంలోని మెలనిన్ కాంతిని అడ్డుకుంటుంది కనుక అక్కడ ఏమీ కాదు. మొక్కకు ఆహారం వండిపెట్టే పత్రహరితమే ఇక్కడ చిచ్చు పెట్టిందన్న మాట. ఇంకా పచ్చిమేత ముట్టని, పాలు మాత్రమే తాగే పిల్లకు ఈ బాధ ఇలా రాదు. ఎందుకో మీరే చెప్పగలరు. ఇటువంటి పిల్లకు గజ్జి మందు పోస్తే పుండు మీద కారం చల్లినట్లే. దాన్ని చీకటిగా ఉండే పాకలో కట్టి, ఆ మేత మాన్పించి, వైద్యునికి చూపాలి.

మందు వేసేముందు

ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. మామూలుగా దొరికే 1 శాతం మందులో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే 10 కిలోల పిల్లకు ఎంత? 10 ను 0.2 తో గుణిస్తే 2 మిల్లీగ్రాములు. అంటే 0.2 మిల్లీలీటరు! “ఒక్కోదానికి ఒక మిల్లీలీటరు” అని కళ్ళు మూసుకొని పొడిస్తే పిల్లకు అయిదింతలు పడుతుంది. తక్కువ వేసినా తప్పే. చావక మిగిలిన పురుగుల సంతానం మందుకు లొంగకుండా తయారవుతుంది. ఈ తరగతి మందులకు లొంగని గొర్రె గజ్జి పురుగులు బ్రిటన్‌లో బయటపడినట్లు 2018లో ప్రకటించారు. బ్రిటన్ 1952లో ఈ రోగాన్ని పూర్తిగా తుడిచిపెట్టింది. 1973లో అది మళ్ళీ దిగింది, ఇప్పటికీ పోలేదు. ఆస్ట్రేలియా మాత్రం 1896లోనే దాన్ని వదిలించుకొని మళ్ళీ రానివ్వలేదు. కనుక తూకం వేసి, వైద్యుని చేత వేయించండి. సూది వేసిన జీవాన్ని సీసా మీద రాసిన రోజులు గడిచేదాకా మాంసానికి అమ్మకూడదు.

మందు ఒక్కసారితో సరిపోదు. గుడ్లను అది చంపలేదు. ఈ రోజు పురుగులన్నీ చచ్చినా గుడ్లు కొద్ది రోజులకు పొదుగుతాయి. ఆ కొత్త పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోపల రెండవసారి వేయాలి. సోరోప్టిస్‌కు వారం తరువాత రెండవ సూది వేయడం ఇందుకే. పేలకైతే గుడ్లు పది రోజులకు పొదుగుతాయి కనుక సుమారు రెండు వారాలకు రెండవ స్నానం. ప్రతిసారీ మందలోని అన్ని జీవాలకూ ఒకే రోజు చేయాలి. ఒక్కటి తప్పిపోయినా కథ మొదటికి వస్తుంది.

స్నానానికి గాలి లేని, ఎండ ఉన్న ఉదయం మంచిది. ముందు జీవాలకు కడుపునిండా నీళ్ళు తాగించాలి, లేకపోతే మందు నీళ్ళే తాగుతాయి. పచ్చిపుండ్లు ఉన్నవాటిని, నిండు చూలు గొర్రెలను, నెల తిరగని పిల్లలను తొట్టిలో దించకూడదు. అంత చిన్న పిల్లలకు ఏమి చేయాలో వైద్యుడు చెబుతాడు. తల్లి పొదుగును మంచినీళ్ళతో కడిగిన తరువాతే పిల్లను వదలాలి. మిగిలిన మందు నీళ్ళు చెరువులో కలిస్తే చేపలు తేలుతాయి. డెల్టామెత్రిన్ వంటి మందులు గొర్రెను వదిలినా చేపను వదలవు.

ఇంటి వైద్యం సంగతి కూడా చెప్పాలి. గజ్జికి పూతలు ఈనాటివి కావు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో రోము నగరపు కేటో ఆలివ్ నూనె మడ్డిని గొర్రెలకు పూయమని రాశాడు. 1852లో ఇంగ్లండులో విలియం కూపర్ పాషాణమూ గంధకమూ కలిపి గొర్రెల స్నానపు పొడి చేశాడు. మన ఊళ్ళలో వేపనూనె, కానుగనూనె, గంధకం వాడతారు. ఇవి పక్కును మెత్తబరుస్తాయి, కొద్దిపాటి గజ్జిని అణచవచ్చు కూడా. వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా కాలిన ఇంజను ఆయిలుతోనే. అది నల్లగా, జిడ్డుగా ఉండి మందులా కనిపిస్తుంది గాని అందులో లోహాల పొడి, కాలిన నూనె విషాలు ఉంటాయి. పిల్ల దాన్ని నాకుతుంది, పాలు తాగుతూ తల్లి పొదుగు నుంచి మింగుతుంది. ఒకప్పుడు చల్లిన గమాక్సిన్ పొడి అయితే మరీ ప్రమాదం. బి.హెచ్.సి. అనే ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. ఏ అటకమీదో పాత డబ్బా దొరికినా తెరవకండి. పశువైద్యశాల దూరమైతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. రెండు రాష్ట్రాలలోనూ ఆ ఏర్పాటు ఉన్నది.

మందు వేసిన మర్నాడే దురద పోవాలని ఆశించవద్దు. పురుగులు చచ్చినా వాటి మలం, కళేబరాలు పక్కు కింద ఇంకా ఉంటాయి. చర్మం కొన్నాళ్ళు అలుగుతూనే ఉంటుంది. “మందు పనిచేయలేదు” అని మూడవ రోజే మరో మందు వేసేవాళ్ళున్నారు, అది కూడదు. రెండవ మందు కూడా పడిన వారానికి అదే నల్లకాగితం, అదే దువ్వెన తీసుకొని మళ్ళీ వెళ్ళండి. పొట్టు మాత్రమే రాలి, ఏ చుక్కా కదలకపోతే మంచిదే. పక్కు అంచు లేచి, దాని కింద శుభ్రమైన చర్మం మీద నూగులా కొత్త బొచ్చు కనిపిస్తుందేమో చూడండి. వీపు గోకి చూడండి. పిల్ల పెదవులు చప్పరించకుండా, మీ జేబులో తినడానికి ఏమున్నదో అని మూతి పెట్టి వెదికితే దానికి నయమైనట్లే. కంచె రాటలకు చిక్కుకొన్న పాత బొచ్చు పోగులను మాత్రం మరిచిపోకండి. గజ్జి పురుగు గొర్రెను వదిలి కూడా రెండు వారాలకు పైగా బతకగలదు. వాటిని ఏరి కాల్చి, ఆ దొడ్డిని మూడు వారాలు ఖాళీగా వదలండి.